ఎనభై మూడో ఉత్తరానికి జవాబు

జూన్ 3

చెల్లెలికి,

ఇక్కడ క్షేమం. నీ క్షేమం చివరలో అడుగుతాను; ముందు జరిగినది వరుసగా రాస్తాను.

1. నువ్వు పంపిన పార్సిలు సోమవారం ఉదయం 11:10కి చేరింది. దారం రెండు ముళ్ళతో గట్టిగా కట్టి ఉంది. దారం దాచాను.

2. లోపల వారపత్రికలో వస్తున్న నీ నవల మీద పాఠకులు రాసిన ఉత్తరాలు 214 ఉన్నాయి. నేను కోరినట్టే అన్నిటినీ మీ ప్రెస్సులో టైపు చేయించి, పేర్లూ చిరునామాలూ తీసేసి, వరుస నంబర్లు మాత్రం వేయించావు. సంతోషం. మా విత్తన పరీక్షాశాలలో నమూనాలు కూడా ఇలాగే ఉత్త నంబరుతో బల్ల మీదికి వస్తాయి. ఎవరి పొలం గింజలో తెలిస్తే లెక్కపెట్టే కన్ను వంగుతుంది. గింజకైనా ఉత్తరానికైనా న్యాయం ఒకటే.

3. మూడు పూటలు కూర్చుని అన్నీ చదివి వర్గాలు చేశాను. (అ) "ఆ ఆఫీసరు ఎప్పుడు నోరు విప్పుతాడు?" అని అడిగినవి 97. (ఆ) పొగిడినవి 58. (ఇ) చిర్రుబుర్రులాడే ఆ ఆఫీసరును తిట్టినవి 31. (ఈ) కథ వదిలేసి సొంత ఆఫీసు గోడు వెళ్ళబోసుకున్నవి 22. (ఉ) ఏ గూటిలోనూ ఇమడనివి 6.

4. మచ్చుకు కొన్ని. ఒక దర్జీ రాశాడు: "ముప్ఫై ఒక్క వారాలుగా ఆఫీసరు గారి కోటు గుండీ వేలాడుతోంది. ఆ స్టెనో అమ్మాయి కుట్టదు, మీరు కుట్టించరు. చిరునామా ఇస్తే నేనే వచ్చి కుట్టిపోతాను." ఒక నర్సు: "మా వార్డులో పదకొండు మందిమి ఒకే కాపీ చదువుతాం. ఆయనకి అల్సరేమో ముందు పరీక్ష చేయించండి, ప్రేమ సంగతి తర్వాత చూద్దాం." పదవీ విరమణ చేసిన ఒక గుమాస్తా: "ఈ ఆఫీసులో పని ఎప్పుడు జరుగుతుంది?" ఈ ప్రశ్న నాకూ ఉంది.

5. 83వ ఉత్తరాన్ని ముందు (ఆ)లో వేశాను. రెండోసారి చదివి బయటకు తీశాను. ఇప్పుడు అది నా బల్ల మీద ఒంటరిగా ఉంది. పూర్తిగా రాస్తున్నాను:

"మీ కథలో ఆఫీసరు గారు ఆవిడ టైపు చేసిన ప్రతి కాగితం మళ్ళీ చేయిస్తారు. ఇంకో పావుగంట ఆవిడ ఎదురుగా కూర్చోవడానికే అలా చేస్తున్నారని పోయిన వారం రాశారు. అది చదివి పత్రిక మూసి అలాగే కూర్చుండిపోయాను. నా పైఅధికారి కూడా నేను చేసిన పని ప్రతిదీ మళ్ళీ తానే చేస్తారు. ఆరేళ్ళుగా. బాగుందని ఒక్కరోజు అనలేదు. నా మీద నమ్మకం లేదనే అనుకుంటూ వచ్చాను. మీ కథ చదివాక వేరే కారణం ఉందేమో అనిపిస్తోంది. నాకు వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. నెలాఖరులోగా ఏదో ఒకటి చెప్పాలి. ఇలాంటి మనుషుల సంగతి మీకు తెలిసినట్టు నాకు తెలియదు. ఉండమంటారా, వెళ్ళమంటారా?"

చెల్లీ, నీ కథ మీద నాకు అభ్యంతరం లేదు. కానీ ఒక మనిషి తన ఉద్యోగాన్నీ ఊరినీ నీ కథ మీద ఆనించి నిలబడింది. ఆ గోడ కాగితంది.

ఇక నా విషయాలు. మొలకల గదిలో తేమ ఎక్కువై రెండు పళ్ళాలకు బూజు పట్టింది. ఇవాళ మూడో బల్ల దగ్గర పనిచేసే ఆవిడ నలభై పళ్ళాల్లో మొలకలు లెక్కపెట్టారు. పళ్ళానికి నూరు గింజలు. నలభైనీ మళ్ళీ లెక్కపెట్టాను. తేడా లేదు. డైరెక్టరు గారు అటుగా వచ్చి, "రూలు పదికి ఒకటే కదయ్యా. మిగతా రెండు బల్లలకీ అలాగే చూస్తావు. ఆవిడవి మాత్రం నలభైకి నలభై ఎందుకు?" అన్నారు. ఆ బల్ల దగ్గర కిటికీ వెలుతురు బాగుంటుందని చెప్పాను. ఆవిడ పట్టకారు పక్కన పెట్టి, నాకు స్టూలు వదిలి, లేచి వెళ్ళారు. ఈమధ్య మాట తగ్గించారు. కారణం తెలియదు.

నీ దగ్గు తగ్గిందా?

సమయం: సాయంత్రం 5:40.

ఇట్లు,
మొలకల విభాగ పర్యవేక్షకుడు, విత్తన పరీక్షాశాల,
నీ అన్న


జూన్ 7

అన్నయ్యా,

దగ్గు తగ్గి జ్వరం వచ్చింది. ఒకటి పోతే ఇంకోటి రాకపోతే మీ బావగారికి తోచదు కదా, కషాయాలు కాచుకుంటూ తిరుగుతున్నారు. మంచం మీదే రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే ఎర్ర పెన్సిలు తియ్యకు.

నీ లెక్క చూసి పడీపడీ నవ్వాను. తొంభై ఏడు మంది "ఎప్పుడు, ఎప్పుడు" అంటున్నారా! పత్రికవాళ్ళేమో "ఇంకో పది వారాలు లాగండమ్మా, అప్పుడే చెప్పించకండి" అంటున్నారు. మధ్యలో నేను. దర్జీ గారిని మాత్రం కథలోకి తెచ్చేస్తాను, అంత మంచి మనిషిని వదులుకుంటానా.

ఎనభై మూడు చదివి నేనూ ఆగిపోయాను. ఆవిడెవరో నాకూ తెలీదు. పేర్ల చీటీలన్నీ టైపిస్టు సొరుగులో ఉన్నాయి, జ్వరం తగ్గి ప్రెస్సుకి వెళ్ళాక చూస్తాను. ఈలోగా నువ్వు ఆ ఉత్తరం ఇంకోసారి చదువు. నిదానంగా చదువు. ఆ అధికారి నీకు తెలిసిన మనిషిలా లేడూ? నేను ఏమీ అనను. చదువు, అంతే.

ఇంకో మాట. పత్రికలో నా "పాఠకులతో" శీర్షికకి ఈవారం అయిదు జవాబులు ఇవ్వాలి, పదమూడో తారీకులోగా. నాకు కూర్చునే ఓపిక లేదు. నువ్వే రాసిపెట్టు. దర్జీకీ, నర్సుకీ, గుమాస్తాకీ, ఇంకెవరికైనా ఒకరికీ రాసి నేరుగా పత్రికకి పంపెయ్యి. ఎనభై మూడుకి మాత్రం నువ్వు రాసింది ముందు నాకు పంపు. నువ్వేం రాస్తావో చూడాలని ఉంది.

అన్నట్టు, మూడో బల్ల ఆవిడ లేకుండా నువ్వు ఉత్తరం ముగించి ఎన్నాళ్ళయిందో లెక్క ఉందా నీ దగ్గర?

నీ చెల్లి


జూన్ 11

చెల్లెలికి,

నీ జ్వరం సంగతి తెలిసి కలత పడ్డాను. కషాయం ఎన్నిసార్లు తాగుతున్నావో, కొలత ఎంతో రాయలేదు.

నువ్వు చెప్పినట్టు 83వ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆ అధికారి నాకు తెలిసినవాడా అని ఆలోచించాను. నాకు దగ్గరగా తెలిసిన అధికారులు నలుగురు.

1. గాజు పళ్ళెం విసిరిన మా పాత డైరెక్టరు. చనిపోయారు.
2. ఇప్పటి డైరెక్టరు. ఆయన ఎవరి పనీ మొదటిసారే చూడరు. రెండోసారి చూడడం ఎక్కడిది?
3. తపాలా కార్యాలయం పెద్ద. ఆయన కింద ఆడవాళ్ళు లేరు.
4. మీ ప్రెస్సు యజమాని. ఆయన అందరినీ పొగుడుతాడు, జీతం పెంచమంటే తప్ప.

ఎవరూ సరిపోలేదు. ఆ మనిషి నీ నవలలో ఆఫీసరులా ఉన్నాడు. అసలు చిక్కంతా అదే. మనసులో ఏదో ఉందన్న వంకతో ఎదుటి మనిషిని ముప్ఫై ఒక్క వారాలు నలిపేవాణ్ణి నువ్వు ముద్దు చేశావు. నువ్వు అతని మనసు తలుపు తీసి చూపిస్తావు కాబట్టి పాఠకులకు అతను ముద్దొస్తాడు. ఆ స్టెనోకు ఆ తలుపు కనిపించదు. ఆమెకు కనిపించేది కొట్టేసిన కాగితం ఒక్కటే.

అయిదు జవాబులూ రాశాను. 83కు రాసినది నీకు నకలు పంపుతున్నాను. అసలు ప్రతిని మిగతా నాలుగింటితోపాటు నేరుగా పత్రికకే పంపాను. నువ్వు వేరుగా చెప్పావని తెలుసు. కానీ ఆవిడకు నెలాఖరు గడువు ఉంది. నీకు పంపి, నువ్వు చూసి పంపేసరికి ఒక సంచిక దాటిపోతుంది. నీ మాట కన్నా ఆవిడ గడువు ముఖ్యమని నిర్ణయించాను. జవాబు ఇది:

"ఆరేళ్ళుగా ఎదురుచూస్తున్న పాఠకురాలికి:
1. వెళ్ళండి.
2. ఆరేళ్ళలో 'బాగుంది' అనని మనిషి ఏడో ఏట అంటాడనడానికి ఆధారం లేదు.
3. మీరు చేసిన పనిని రోజూ మళ్ళీ చేసే అధికారికి మీ మీద నమ్మకం లేదు.
4. నమ్మకం లేని చోట ఇష్టం ఉండదు.
5. ఆయన మనసులో ఏముందో ఊహించడం మీ ఉద్యోగంలో భాగం కాదు.
6. మీరు వెళ్ళాక ఆయన బాధపడితే, ఆ బాధ ఆయనకు పనికివస్తుంది.
7. నెలాఖరు దాకా ఆగకండి.
పై అంశములన్నీ సరిచూడబడినవి."

ఇంత సూటిగా నేను ఎప్పుడూ ఎవరికీ రాయలేదు. రాశాక చేయి తేలికగా ఉంది.

మొన్న మూడో బల్ల ఆవిడ ఒక పళ్ళానికి మూత పెట్టడం మరిచారు. ఆరేళ్ళలో మొదటిసారి. "ఇన్నేళ్ళ అనుభవంలో మూత పెట్టడం కూడా చెప్పాలా?" అన్నాను. మిగతా ఇద్దరూ వింటున్నారు. ఆవిడ "లేదండీ" అన్నారు, అంతే. నువ్వు అడిగిన లెక్క నా దగ్గర లేదు. మొలకల గది గురించి రాస్తే మూడో బల్ల రాక తప్పదు. గదిలో ఉన్నవే మూడు బల్లలు.

సమయం: ఉదయం 7:15.

ఇట్లు,
మొలకల విభాగ పర్యవేక్షకుడు, విత్తన పరీక్షాశాల,
నీ అన్న


జూన్ 15

అన్నయ్యా,

ఆ జవాబు అచ్చు కాకూడదు. వెంటనే పత్రికవాళ్ళకి ఫోన్ చేసి ఆపించు. ఫోన్‌లో మాట్లాడితే నకలు మిగలదని సుద్దులు చెప్పకు, ఈ ఒక్కసారికి చెయ్యి.

ఇవాళే ప్రెస్సుకి వెళ్ళాను. టైపిస్టు సొరుగులోంచి ఎనభై మూడో చీటీ తీయించాను. చిరునామా మీ లాబు వెనక వీధి. కింద పేరు. ఆ పేరు నువ్వు నాకు ఒకే ఒక్కసారి రాశావు, ఆవిడ చేరిన రోజున. తర్వాత నుంచీ "మూడో బల్ల" అయిపోయింది. నేను మర్చిపోలేదు.

ఆ అధికారివి నువ్వే అన్నయ్యా. నలుగురిని ఏకరువు పెట్టావే, అయిదోవాడివి నువ్వు. అందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడ్డట్టు ఉంది నీ పని. నాకు మొదటే అనుమానం వచ్చింది. నీ అంతట నువ్వే తెలుసుకుంటావులే, సిగ్గుపడతావు, నేను నవ్వచ్చు అనుకున్నాను. కథ రాసేదాన్ని కదా, మలుపు కోసం కాచుకుని కూర్చున్నా. నాదీ బుద్ధి తక్కువే.

సాయంత్రం: ఇది అంటించబోతుంటే సబ్ ఎడిటరుకి ఫోన్ కలిసింది. సంచిక అచ్చయిపోయిందట. "చాలా బాగుందండీ జవాబు, మీరు ఇంత ఘాటుగా ఎప్పుడూ రాయలేదు" అన్నాడు. మీ లాబుకి కూడా చేశాను. డైరెక్టరు ఎత్తి, "మొలకల గదిలో ఉన్నాడమ్మా, లెక్క మధ్యలో పిలిస్తే ఒప్పుకోడు" అన్నారు. అత్యవసరం అన్నాను. "అందరూ అదే అంటారు" అని పెట్టేశారు.

పత్రిక గురువారం వస్తుంది. ఆలోగా ఇది నీకు అందితే, ముందు నువ్వే వెళ్ళి ఆవిడతో మాట్లాడు.

నీ చెల్లి


జూన్ 21

చెల్లెలికి,

నీ 15వ తేదీ ఉత్తరం నిన్న సాయంత్రం 4:20కి అందింది. అప్పటికే జరిగినది రాస్తున్నాను.

1. పత్రిక గురువారం వచ్చింది.

2. శుక్రవారం ఉదయం 9:05కు నా బల్ల మీద మూడో బల్ల ఆవిడ రాజీనామా ఉంది. దానికి గుండుసూదితో ఒక పత్రిక ముక్క గుచ్చి ఉంది. నేను రాసిన జవాబు. ఏడు అంశాలకూ ఎదురుగా ఎర్ర పెన్సిలుతో టిక్కులు పెట్టి ఉన్నాయి, నేను పళ్ళాల పట్టీ మీద పెట్టినట్టే.

3. ఆవిడ గుమ్మంలో నిలబడి ఉన్నారు. "ఇది రాసింది మీరే కదండీ?" అని అడిగారు. మా చెల్లెలి తరఫున రాశానన్నాను. ఆ రచయిత్రి నా చెల్లెలని లాబులో ఎవరికీ తెలియదు.

"ఓహో. అయితే నా ఉత్తరం తిన్నగా మీ ఇంటికే వచ్చిందన్నమాట" అన్నారు.

"నేను రాసినట్టు ఎలా తెలిసింది?" అన్నాను. నా నోటికి వచ్చిన ప్రశ్న అదొక్కటే.

"ప్రేమ గురించి అడిగితే ఏడు పాయింట్లు రాసి, కింద 'సరిచూడబడినవి' అని ముగించేవాళ్ళు ఈ భూమ్మీద ఇంకెవరున్నారండీ? నయం, చాటుగానైనా సూటిగా చెప్పారు. మొహం మీద చెప్పి ఉంటే తట్టుకోలేకపోయేదాన్ని. థాంక్సండీ."

4. ఆ ఉత్తరంలోని అధికారి నేనేనని అప్పుడు కూడా నాకు అర్థం కాలేదు. ఆవిడ వెళ్ళాక నా బల్ల మీది 83వ ఉత్తరాన్నీ రాజీనామానూ పక్కపక్కన పెట్టి చూశాను. "ఆరేళ్ళుగా" అన్న మాట రెండింటిలోనూ ఉంది. అప్పుడు అర్థమైంది.

5. ఆ ఉత్తరం తన పేరుతోనే నా చేతికి వచ్చిందని ఆవిడ అనుకుంటున్నారు. తెలిసే, తనకే, వెళ్ళమని రాశానని అనుకుంటున్నారు. పేర్లు తీసేయమన్నది నేను. న్యాయం కోసం తీయించాను.

నిన్నంతా ఆ ఏడు అంశాలనూ నాకు అన్వయించి చూశాను. రెండవది నిజం. అయిదవది నిజం. ఆరవది ఇప్పటికే నిజమైంది. మూడవది మాత్రం అబద్ధం. మిగతా రెండు బల్లల మీదా పదికి ఒకటే చూస్తాను, రూలు అంతే. ఆవిడ పళ్ళాలు అన్నీ చూసేది నమ్మకం లేక కాదు. నీకు ఇది చెప్పనక్కర లేదు. నువ్వు ముప్ఫై ఒక్క వారాలకు పైగా ఇదే రాస్తున్నావు. మూడవది కూలితే నాలుగవదీ కూలుతుంది. మిగిలినవి అయిదు. అయిదింటిలోనూ వెళ్ళమనే ఉంది.

ఆవిడ చివరి రోజు 30. నేను ఏం చేయాలో తెలియడం లేదు. మూడు మార్గాలు రాసుకున్నాను, మూడింటినీ కొట్టేశాను. నేను గాజు పళ్ళాలు కడిగేవాడిగా ఇక్కడ చేరినవాణ్ణి. నాకు వచ్చిన నాలుగు మంచి మాటలూ నిబంధనల పుస్తకం చూసి నేర్చుకున్నవే. అందులో ఇలాంటి సందర్భానికి పేజీ లేదు.

సమయం: మధ్యాహ్నం 12:30.

ఇట్లు,
మొలకల విభాగ పర్యవేక్షకుడు, విత్తన పరీక్షాశాల,
నీ అన్న


జూన్ 24

అన్నయ్యా,

పేజీ లేకపోతే లేకపోయింది. నోరుంది కదా.

వెళ్ళి చెప్పు. ఆ ఉత్తరం తనదని నీకు తెలీదని చెప్పు. ఎందుకు మళ్ళీ లెక్కపెట్టేవాడివో చెప్పు. ఉండమని అడుగు. ఈ మాట కోసమే తొంభై ఏడు మంది ఉత్తరాలు రాశారు, నువ్వే లెక్కపెట్టావు. నా కథలో స్టెనో కదలకుండా కూర్చుందీ అంటే, నేను కూర్చోబెట్టాను కాబట్టి కూర్చుంది. నిజం మనిషి అలా ఆగదు. ముప్ఫయ్యో తారీకు బస్సెక్కి వెళ్ళిపోతుంది.

నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచీ నవల ముందుకు సాగడం లేదు. ఆఫీసరు నోట ఒక్క మాట రాయబోతే నువ్వే కనిపిస్తున్నావు. ఈవారం భాగం రాసి ఇవ్వలేదు. సబ్ ఎడిటరు మొత్తుకుంటున్నాడు. మొత్తుకోనీ.

నా కోసం కాదు, కథ కోసం కాదు. నలభై అయిదేళ్ళొచ్చాయి నీకు. వెళ్ళు. కాగితం మీద మాత్రం ఏమీ రాసుకుని వెళ్ళకు.

నీ చెల్లి


జూన్ 30

చెల్లెలికి,

వెళ్ళాను. కాగితం లేకుండానే వెళ్ళాను.

మధ్యాహ్నం మిగతా ఇద్దరూ భోజనానికి లేచాక మూడో బల్ల దగ్గరికి వెళ్ళాను. ఆవిడ సొరుగు ఖాళీ చేస్తున్నారు. పట్టకారు, భూతద్దం, కళ్ళజోడు తుడుచుకునే గుడ్డ. నేను నిలబడే ఉన్నాను. ఏమిటన్నట్టు చూశారు.

"ఆ ఉత్తరం మీదని నాకు తెలియదు. పేర్లు తీసేసి పంపారు. తీసేయమన్నది నేనే" అన్నాను.

ఆవిడ చేతులు ఆగాయి. "నిజంగా తెలీదా?"

"తెలియదు."

"అంతా రాశాను కదండీ అందులో. ఆరేళ్ళని రాశాను. ప్రతీదీ మళ్ళీ చేస్తారని రాశాను. అయినా మీకు మీరు కనపళ్ళేదా?"

కనబడలేదన్నాను. నవ్వారు. అది బాగున్న నవ్వు కాదు.

"పోనీ, నాదని తెలిసి ఉంటే ఏం రాసేవారు?"

అబద్ధం చెప్పడానికి అక్కడ చోటు లేదు. "ఏమీ రాసేవాణ్ణి కాదు" అన్నాను.

"అదేనండీ. ఎవరో తెలియని మనిషికి ఏడు పాయింట్లు రాశారు. ఆవిడ గడువు దాటిపోతుందని ఆత్రపడ్డారు. ఎదురుగా కూర్చున్న మనిషికి ఆరేళ్ళలో ఒక్క ముక్క లేదు."

అప్పుడు చెప్పాను. మళ్ళీ లెక్కపెట్టేది నమ్మకం లేక కాదని, మీ బల్ల దగ్గర కూర్చోవడానికని. నువ్వు కథలో రాసేటట్టుగా కాదు. ఆ మాటలు ఇంత కన్నా తక్కువగా, ఇంత కన్నా వంకరగా వచ్చాయి. చెప్పాక, ఇక అంతా తేలికే అనుకున్నాను. నీ పాఠకులందరూ అలాగే అనుకుని ఉండేవారు.

ఆవిడ మొహం తెల్లబోయింది. స్టూలు మీద కూర్చున్నారు.

"మీకు తెలుసా? మీరు లేచి వెళ్ళాక రోజూ ఆ పళ్ళాలు నేను మూడోసారి లెక్కపెట్టుకునేదాన్ని. ఎక్కడ తప్పానో, ఏం చూసి అనుమానపడ్డారో అని. సంతలో కూరగాయలు కొన్నా చిల్లర నాలుగుసార్లు చూసుకునేదాన్ని. మా అమ్మ 'నీకేమయిందే' అని తిట్టేది. కళ్ళకి జోడు పెట్టించుకున్నాను, డాక్టరు అక్కర్లేదన్నా వినకుండా. నాకు లెక్క రాదని నేనే నమ్మేశాను. మీరేమో కూర్చోవడానికి చేశారు." గుడ్డ మడిచి సంచీలో వేసుకుని అన్నారు: "కూర్చోవాలని ఉంటే కుర్చీ లాక్కుని కూర్చోవాల్సిందండీ. నేను వద్దననుగా."

చెల్లీ, ఉండమని అడగమన్నావు. నోటి దాకా వచ్చింది. కానీ ఆ మాట కూడా నా కోసమే అవుతుంది. ఆవిడ ఎందుకు ఉండాలి అని నన్ను నేను ప్రశ్నించుకుంటే ఒక్క కారణం దొరకలేదు. వెళ్ళండి అనే చెప్పాను. "ఆ మొదటి పాయింటు మాత్రం తెలిసి కూడా అదే రాయవలసింది" అన్నాను.

"అవునండీ, అది బాగా రాశారు" అన్నారు. ఎగతాళి చేయలేదు. సంచీ భుజాన వేసుకున్నారు. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగారు, ఏదో అంటారనుకున్నాను. దీపం ఆర్పాలా అని అడిగారు. వద్దన్నాను. 1:50కి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత చేసినది కూడా నీకు తెలియాలి. ఆరేళ్ళ పట్టీలు బీరువాలో నుంచి దించి చూశాను. ఇద్దరి లెక్కలు కలవకపోతే మూడో మనిషి చేత లెక్కపెట్టిస్తాం. ఆ మూడో లెక్కే ఖాయం. ఆవిడ పళ్ళాల మీద నేను తేడా పట్టినది మొత్తం పదకొండుసార్లు. పట్టిన ప్రతిసారీ ఆవిడకు చెప్పాను, అందరూ వినేలా. మూడో లెక్క తొమ్మిదిసార్లు ఆవిడ వైపే వచ్చింది. ఆ తొమ్మిది కాగితాల మీదా నా పొడి సంతకం ఉంది. అంటే చూశాను. తప్పు నాదేనని తొమ్మిదిసార్లు చూసి, సంతకం పెట్టి, బీరువాలో పెట్టేశాను. ఒక్కసారీ ఆవిడతో అనలేదు.

నువ్వు నవల ఎలా ముగిస్తావో నేను అడగను. ఒక్కటి మాత్రం చూడు. ఆ ఆఫీసరు నోరు విప్పిన రోజున, స్టెనో సంతోషించే ముందు, మళ్ళీ టైపు చేసిన ఆ కాగితాలన్నిటినీ ఒకసారి తలుచుకోనీ. తొంభై ఏడు మందికీ కోపం వస్తే రానీ.

క్షమించమని ఆవిడకు ఒక ఉత్తరం మొదలుపెట్టి చించేశాను. క్షమాపణ అడిగితే ఆవిడ మళ్ళీ నాకు ఏదో ఒకటి ఇవ్వవలసి వస్తుంది. వేరే కాగితం తీసుకుని, ఆ పదకొండు తేదీలూ, మూడు లెక్కలూ వరుసగా రాశాను. కింద "మీకు లెక్క వచ్చు. తొమ్మిదిసార్లు తప్పింది నేను, అప్పుడే తెలుసు" అని రాసి, హోదా లేకుండా పూర్తి పేరుతో సంతకం పెట్టాను. ఆవిడ కొత్త పైఅధికారికి కూడా చూపించుకోవచ్చని ఒక నకలు జతచేశాను.

పంపాలా వద్దా అని నిన్ను అడగడం లేదు. సాయంత్రం 5:30 తపాలాలో వేసి వచ్చి ఈ ఉత్తరం రాస్తున్నాను.

సమయం: సాయంత్రం 6:05.

ఇట్లు,
మొలకల విభాగ పర్యవేక్షకుడు, విత్తన పరీక్షాశాల,
నీ అన్న